నా పేరు మీద ఒక చిరునామా

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే మొదట కనిపించింది ఆ మెయిలే. నా వెబ్‌సైటు పేరుకు ఇంకో నెలలో గడువు తీరిపోతుందట. అందులోని లింకు నొక్కలేదు. ఇలాంటి మెయిళ్లు మోసగాళ్లూ పంపుతారు, అచ్చం ఇలాగే ఉంటాయి. కంప్యూటర్ ముందు కూర్చుని, పేరు నమోదు చేసిన సంస్థ చిరునామా నా చేత్తో టైపు చేసి లోపలికి వెళ్లబోయాను. పాస్‌వర్డు సరిపోయింది. ఆ తర్వాత ఫోనుకు ఓటీపీ పంపామని తెర మీద కనిపించింది. నంబరు చివరి రెండంకెలు చూసేసరికి గుండె ఝల్లుమంది. అది నా పాత నంబరు.

ఆ సిమ్ వదిలేసి మూడేళ్లు దాటింది. తొంభై రోజులు వాడని నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయ్యాక ఇంకో తొంభై రోజులు ఆగి వేరేవాళ్లకు ఇస్తారు. అంటే నా నంబరు ఈపాటికి ఎవరి చేతిలోనో ఉండే ఉంటుంది. ఎవరో ఒక మనిషి ఆదివారం పూట, తనకు సంబంధం లేని ఆరంకెలు ఫోనులో చూసి చెరిపేసి ఉంటారు. ఆ మనిషి మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ మూడేళ్లుగా నా తలుపు తట్టడానికి వచ్చినవాళ్లంతా పక్కవీధిలో ఇంకెవరి తలుపో తడుతున్నారన్నమాట. బ్యాంకులో నంబరు మార్చాను, గ్యాసుకు మార్చాను, ఆధార్‌కు మార్చాను. దీనికి మార్చాలని తట్టలేదు.

ఆ వెబ్‌సైటు పెద్దదేమీ కాదు. ప్రూఫులు దిద్దేటప్పుడు ఎదురయ్యే మాటల గురించి 2008 నుంచి రాసుకుంటూ వస్తున్న చిన్న చిన్న రాతలు. మాటకు ఉండేది అర్థం, సగానికి పేరు అర్ధం. కనుక విద్యార్థి అని రాయాలి, అర్ధరాత్రి అని రాయాలి. ప్రథమను ప్రధమ అనకూడదు. ఇలాంటివి మూడువందల పైచిలుకు పోగయ్యాయి. నేను ఇంట్లోనే కూర్చుని పని చేసుకునేదాన్ని. బోర్డు కట్టిన ఆఫీసు లేదు, పేరు అచ్చువేయించిన కార్డు లేదు. హైదరాబాదు నుంచి ఫోను చేసే ప్రచురణకర్త అయినా, డాలస్‌లో ఉంటూ తన తండ్రిగారి కథలను పుస్తకంగా తెస్తున్న ఆయనైనా ఆ రాతలు చదివే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. డాలస్ ఆయన మొదటి మెయిల్‌లో రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: "అర్థానికి ఒత్తు ఎందుకో మా నాన్నగారు చిన్నప్పుడు చెప్పింది మళ్లీ మీ దగ్గరే చదివానండీ." ఆ చిరునామా పోతే నాకు పోయేది కాసిన్ని పేజీలు కాదు. పదిహేడు పద్దెనిమిదేళ్ల నమ్మకం.

ఓటీపీ దారి మూసుకుపోయింది కనుక మిగిలింది మెయిల్ దారి. అక్కడా చిక్కే. నమోదు సమయంలో ఇచ్చింది ఇప్పుడు వాడే మెయిల్ కాదు, అంతకు ముందుది. దాన్ని ఆఖరుసారి ఎప్పుడు తెరిచానో లెక్క వేసుకుంటే ఇరవై నెలలు తేలింది. వాడకుండా వదిలేసిన ఖాతాలు ఇప్పుడు కలకాలం అలా పడి ఉండవు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించవచ్చని గూగుల్ 2023లోనే ప్రకటించింది. ఆ లెక్కన నాకు మిగిలింది నాలుగు నెలలు. ఆ పాత మెయిల్ కూడా లోపలికి రానివ్వడానికి మళ్లీ పాత ఫోను నంబరునే అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో ఆ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టినప్పుడు అత్యవసరానికని ఇచ్చిన సంఖ్యలను అచ్చు తీసుకున్నాను. ఎక్కడ పెట్టానో తెలియడానికి గంట పట్టింది. బీరువా చూశాను, కరెంటు బిల్లుల సంచి చూశాను, దేవుడి గదిలో పంచాంగం కింద చూశాను. చివరికి పెద్ద నిఘంటువు వెనక అట్టకూ చివరి పేజీకీ మధ్య దొరికింది. రోజూ చేయి పెట్టే పుస్తకం కదా అని అక్కడ దాచి ఉంటాను.

నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడత దగ్గర సిరా లేచిపోయింది. పది సంఖ్యలు, ఒక్కొక్కటి ఎనిమిదంకెలు. ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. మొదటిదాని మీద నా ఎర్ర పెన్ను గీత, అంటే వాడేసినది. రెండోది మడతలో పడింది, మూడో అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. మూడోది కొట్టాను. తలుపు తెరుచుకుంది. నా గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, అయినా "అమ్మయ్య" అని పైకే అన్నాను.

ఆ మెయిల్ దారినే సంస్థ ఖాతాలోకి వెళ్లి, అయిదేళ్లకు డబ్బు కట్టేశాను. ఒక్కసారి పదేళ్ల దాకా కట్టవచ్చు. డాట్ కామ్ వంటి పేర్లకు గడువు తీరకముందు రెండుసార్లు, నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, తప్పనిసరిగా హెచ్చరిక పంపాలన్న నియమం ఉంది. గడువు దాటిన అయిదు రోజుల లోపల ఇంకోటి. ఆ తర్వాతా పట్టించుకోకపోతే పేరు తొలగింపులోకి వెళుతుంది. అప్పుడు కూడా ముప్ఫై రోజులు విడిపించుకోవచ్చు, కాకపోతే రుసుము బాగా ఎక్కువ. ఆపైన అయిదు రోజులకు పేరు బయటి ప్రపంచానికి వదిలేస్తారు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇన్ని మెట్లు ఉన్నాయని తెలిస్తే ధైర్యమే. కానీ ఆ హెచ్చరికలన్నీ మనం తెరవని పెట్టెలోకి వెళుతుంటే ఎన్ని మెట్లుంటే ఏం లాభం? ఈ ఒక్కటి నా కొత్త మెయిల్‌కు ఎలా వచ్చిందంటే, ఎప్పుడో ఒకసారి పాత పెట్టెలో పడ్డ గడువు హెచ్చరికలు మాత్రం ఇటు మళ్లేలా నేనే అమర్చుకున్నాను. ఆ పని చేసిన రోజు గుర్తు లేదు. చేసినందుకు సంతోషంగా ఉంది.

అక్కడితో ఆగలేదు. అమ్మాయి వాడకుండా వదిలేసిన రెండువందల పేజీల నోటు పుస్తకం తీసి, నా పేరు ఎక్కడెక్కడ ఉందో రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే ఒక సంగతి బయటపడింది. ఆరు చోట్ల నాలుగు రకాలుగా ఉన్నాను. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఆన్‌లైన్ దరఖాస్తులేమో మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతాయి. ఒకచోట ఇంటిపేరు మొదట పెట్టాను, ఇంకోచోట చివర పెట్టాను, మరోచోట పొడి అక్షరంతో సరిపెట్టాను. నా పేరులో ఉన్న లక్ష్మిని ఇంగ్లీషులో రాయడానికి క్ష దగ్గర ఒకచోట కె, ఎస్, హెచ్ ఉన్నాయి, ఒకచోట ఎక్స్ ఉంది. తెలుగు లిపిలో నా పేరు ఉన్నది ఒక్క వెబ్‌సైటులోనే. ఒక పుస్తకంలో ఒక మాట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే తీరుగా ఉండాలని నేను రచయితలతో పట్టుబట్టే మనిషిని. చదివేవాళ్లు తడబడకూడదనే ఆ పట్టు. నన్ను వెతికేవాళ్లు మాత్రం ఎందుకు తడబడాలి? మార్చగలిగిన చోటల్లా ఒకే తీరుకు తెచ్చాను. ముందు తెలుగు లిపిలో, పక్కన ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే. ఒకచోట పేరు మార్పుకు గుర్తింపు కార్డు పంపమన్నారు. అది రేపు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పడుకోలేదు. పాత హార్డ్ డిస్కు తీశాను.

ఇది చాలాకాలంగా వాయిదా వేస్తున్న పని. గవర్నరుపేటలో ప్రెస్సులో పని చేసే రోజుల్లో, ఈ వెబ్‌సైటు పుట్టకముందు, రాసుకున్నవి ఓ అరవై ఉన్నాయి. అప్పట్లో మా డీటీపీ అంతా అను ఫాంట్లలోనే. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చింది. ప్రెస్సుల్లో మాత్రం అక్షరం అందంగా పడాలి, వేగంగా పడాలి, కనుక పాత పద్ధతే సాగింది. అను ఫాంటుతో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనిపించదు. తల మీద చుక్కలూ పక్కన కొమ్ములూ ఉన్న ఐరోపా అక్షరాల గుట్ట కనిపిస్తుంది. మనిషికీ చదవరాదు, వెతికే యంత్రానికీ దొరకదు. నేను రాసినదే, నా పేరుతోనే ఉంది, అయినా లోకం దృష్టిలో లేనట్టే.

మార్చిపెట్టే సాధనాలు ఉన్నాయి. మొదటి ఫైలు వేసి చూశాను. గుట్టలోంచి తెలుగు పైకి లేచి వచ్చింది. కానీ వత్తులు కొన్ని పక్క అక్షరానికి వెళ్లి అతుక్కున్నాయి, కొన్ని సున్నాలు ఎగిరిపోయాయి. ఇంగ్లీషు మాటలు వచ్చిన చోట ఇంకో చిక్కు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట్‌కీ వేకీ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉండాలి, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే వ కాస్తా ట కింద వత్తుగా దూరిపోతుంది. చూపుకు వికారం ఒక ఎత్తు, వెతుకులాట ఇంకో ఎత్తు. ఆ గుర్తు ఉన్న మాట ఒకటి, లేని మాట ఇంకొకటి, ఒకదాన్ని వెతికితే రెండోది తగలకపోవచ్చు. నాలుగు ఫైళ్లు వరసగా దిద్దాను. రోజుకు నాలుగు చొప్పున రెండు వారాలు పట్టవచ్చు. పట్టనీ.

పోయినవి కూడా గుర్తొచ్చాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న. అంత పెద్దవే ఆగిపోయాయి. ఆ రెండూ కాని ఒక చిన్న చోట నేను వరసగా నలభై రోజులు రోజుకొక మాట చొప్పున రాశాను. అక్కడ తోటివాళ్లు ఎంత బాగా వాదించేవారో! గోదావరి జిల్లాల వాడుక ఒకరు చెబితే, పాలమూరు మాట ఇంకొకరు చెప్పేవారు. ఆ చోటు ఒకరోజు లేదు. నా రాతలకు నకలు తీసుకోలేదు, వాళ్ల మాటలకు అసలే లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఇవాళ మళ్లీ వెతికితే ఆరు రోజులవి దొరికాయి. ఆ సంస్థ 1996 నుంచి పేజీలను దాచిపెడుతోంది, ఎవరు అడిగారని? దొరికిన ఆరింటిలో ఒకటి "ఉగ్గబట్టుకొను" మీద. కింద అయిదుగురి వ్యాఖ్యలూ ఉన్నాయి. వాటిలో ఒకాయన ఇప్పుడు లేరు. ఆ పేజీని అచ్చు తీసి పెట్టుకున్నాను. నా వెబ్‌సైటు పేజీలు కూడా అక్కడ భద్రమయ్యేలా ముఖ్యమైన ఇరవైని ఒక్కొక్కటిగా ఎక్కించాను.

ఫోటోల పని త్వరగానే అయింది. గుమ్మం ముందు ముగ్గుతో దిగిన సంక్రాంతి ఫోటోలో వెనక ఇంటి నంబరు స్పష్టంగా చదవవచ్చు, అది తీసేశాను. క్రితం ఏడాది నా ఫోటో పెట్టుకుని ఎవరో నా పేరుతో ఖాతా తెరిచి, మా చిన్నమామయ్యను పదిహేను వేలు అడిగారు. ఆయన డబ్బు పంపకుండా ముందు నాకు ఫోను చేశారు కాబట్టి సరిపోయింది. అలాంటప్పుడు డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలని అప్పుడే బంధువులందరికీ చెప్పాను. ఇవాళ మళ్లీ ఒకసారి వాట్సాప్‌లో రాశాను: డబ్బు కోసం నేను ఎప్పుడూ రాతలో అడగను, అడిగినట్టు కనిపిస్తే నా గొంతు వినకుండా పంపకండి అని.

సాయంత్రం అమ్మాయి లైబ్రరీ నుంచి వచ్చింది. నోటు పుస్తకం చూపించి, నాకేమైనా అయితే ఇందులో ఉన్నవాటితో ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టాను. ముందు ముఖం చిట్లించింది. "ఇప్పుడెందుకమ్మా ఈ మాటలు" అంది. ఎందుకో చెప్పాను. వెబ్‌సైటును నడపమని నేను అడగడం లేదు. గడువుకు డబ్బు కట్టి, రాతలను అలాగే ఉంచితే చాలు. ఎవరో ఒక పిల్లవాడు అర్ధరాత్రికి ఏ ధ వేయాలో వెతుక్కుంటూ వస్తే, పేజీ తెరుచుకోవాలి. అంతే నా కోరిక. ఆ మాట విన్నాక పక్కన కూర్చుంది.

ప్రెస్సులో చేరిన కొత్తలో నేను కాపీ హోల్డర్‌ని. రాతప్రతి నేను పైకి చదువుతుంటే, పెద్దావిడ ప్రూఫు మీద కళ్లు ఆనించి దిద్దేవారు. కామా అంటే కామా, ఫుల్‌స్టాప్ అంటే ఫుల్‌స్టాప్, అన్నీ పైకి అనాలి. ఇవాళ నోటు పుస్తకాన్ని అమ్మాయి అలా చదివింది, నేను తెర మీద సరిచూసుకున్నాను. మూడో పేజీలో ఆగిపోయింది.

"అమ్మా, ఇది సున్నానా, ఇంగ్లీషు ఓ అక్షరమా?"

నాకూ తెలియలేదు. లోపలికి వెళ్లి చూస్తే సున్నా. ఎర్ర పెన్ను తీసి దానికి అడ్డంగా గీత గీశాను. ఇంకో పేజీలో ఒకటికీ ఎల్‌కీ అదే తంటా, అదీ దిద్దాను. తర్వాత చోట్లు మార్చుకున్నాం. ఈసారి నేను చదివాను, తను సరిచూసింది. రెండో ప్రూఫులో తప్పులు లేవు. పుస్తకం బీరువాలో ఇంటి కాగితాల కింద పెట్టి, నిఘంటువులోని పాత కాగితాన్ని దాని చోట దానికే ఉంచేశాను.