ఫ్యాను రెక్క మీది పేరు

మనం చదువుకున్న గదుల్లో సీలింగు ఫ్యాను రెక్కల మీద, బీరువా తలుపుల మీద ఎర్ర రంగుతో దాతల పేర్లు ఉండేవి. ఆ పేర్లు అక్కడికి రావడం వెనక ఆనాటి హెడ్మాస్టర్ల కాళ్లరుగుదల ఉంది. పూర్వ విద్యార్థుల సంఘం ఎంత తిరిగినా, జిల్లా పరిషత్ బడికి పెద్ద విరాళం కావాలంటే హెడ్మాస్టరే వెళ్లి అడగాలి. ఇచ్చినదాన్ని రేపు చూసుకునేది వారే కదా.

"బడికి ఏదైనా చేయండి" అంటే పెద్దగా ఏమీ రాదు. 40 మంది గదికి ఇద్దరేసి కూర్చునే బల్లలు 20 కావాలి. మూడు కొటేషన్లు తెప్పించి, ఒక బల్లకెంత, గది మొత్తానికెంత అని రాసుకెళ్తే దాత తన శక్తికి తగ్గది ఎంచుకుంటారు. సంక్రాంతికి ఊరు చేరేవాళ్లను అడగాలంటే ఆ కాగితం డిసెంబరులోనే సిద్ధం కావాలి. మంచినీళ్ల ప్లాంటు అడిగితే ఫిల్టర్లు, మెంబ్రేను మార్చే ఖర్చు కూడా అప్పుడే అడగాలి. లేకపోతే కొన్నాళ్లకే అది మూలపడుతుంది.

డబ్బు హెడ్మాస్టరు సొంత ఫోన్‌పేకు రానే కూడదు. అలా వస్తే నిజాయితీపరులకే ఎక్కువ నష్టం: లెక్క అడిగిననాడు చూపడానికి జీతమూ విరాళమూ కలిసిపోయిన పాస్‌బుక్కే మిగులుతుంది. ఇద్దరి సంతకాలతో నడిచే కమిటీ ఖాతా, వరుస నంబర్ల రసీదు పుస్తకం ఉండాలి.

పన్ను తగ్గుతుందని దాతకు తొందరపడి మాట ఇవ్వకండి. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే రసీదు (80జి రసీదు అనేది) ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే ఇవ్వగలదు. 2,000 రూపాయలు దాటిన నగదుకు ఆ మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది విదేశాల్లోని మనవాళ్ల దగ్గర. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, సొమ్ము ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అందుకే "ఏ పాస్‌పోర్టు?" అన్నది ఖాతా నంబరు ఇవ్వకముందే అడగాల్సిన ప్రశ్న.

హెడ్మాస్టర్లకు బదిలీలు తప్పవు. ఛార్జి అప్పగించేటప్పుడు దాతల రిజిస్టరు కూడా చేతులు మారాలి: ఎవరు, ఎప్పుడు, ఏమిచ్చారు, చివరిసారి ఉత్తరం ఎప్పుడు వెళ్లింది. కొత్తగా వచ్చినవారు మొదటి వారంలోనే ఆ నంబర్లకు ఫోన్ చేస్తే తెగిపోబోయే బంధం నిలుస్తుంది. వచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. ఫ్యానుకు మళ్లీ రంగు వేసినప్పుడు, కింద ఎవరి పేరు ఉండేదో రిజిస్టరు చూసే తిరిగి రాయించాలి.