సెర్చ్ బాక్స్‌లో పాత ఫలితాలు ఎందుకొస్తాయి?

ఊరి పేరుతో వెతికే సెర్చ్ బాక్స్ ఒకటి ఉందనుకోండి. "గుం" అని కొట్టగానే సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ వెళ్లింది. 400 మిల్లీసెకన్ల తర్వాత "గుంటూరు" పూర్తయి రెండోది వెళ్లింది. రెండోదానికి జవాబు 120 మిల్లీసెకన్లలోనే వచ్చేసింది, మొదటిదానికి మాత్రం 900 పట్టింది. గుంటూరు కాసేపు కనబడి, దాని మీదే గుంతకల్లు, గుండాల ఉన్న పాత జాబితా వచ్చి కూర్చుంటుంది. బాక్స్‌లో ఒక పేరు, కింద వేరే ఊళ్లు. కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు.

జావాస్క్రిప్ట్ కోడ్‌లో అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమనే మాట) రాశాం కాబట్టి అన్నీ వరసగా నడుస్తాయనుకోవడం దగ్గరే చిక్కంతా. అవెయిట్ ఆపేది ఆ ఒక్క ఫంక్షన్ కాల్‌ని మాత్రమే. ఇన్‌పుట్ ఈవెంట్ మళ్లీ వస్తే అదే ఫంక్షన్ ఇంకోసారి మొదలవుతుంది. రెండు కాల్స్ దేని జవాబు కోసం అది కాచుకుంటాయి, ఆఖరున వచ్చినదే తెర మీద మిగులుతుంది.

చాలామంది 300 మిల్లీసెకన్ల డీబౌన్స్ (టైపింగ్ ఆగి అంతసేపయ్యాకే రిక్వెస్ట్ పంపడం) పెట్టి వదిలేస్తారు. దానివల్ల రిక్వెస్టులు తగ్గుతాయి, పెట్టాల్సిందే. కానీ నెట్‌వర్క్ నెమ్మదిస్తే పాత జవాబు వెనకబడటం మామూలే కదా, ఆ సమస్య అలాగే ఉంటుంది.

సరైన మందు, పంపిన రిక్వెస్ట్‌ని మధ్యలోనే రద్దు చేసే అబార్ట్‌కంట్రోలర్. ఫంక్షన్ బయట ఒక వేరియబుల్ ఉంచండి. కొత్త వెతుకులాట మొదలైన ప్రతిసారీ అందులోని పాత కంట్రోలర్‌ మీద అబార్ట్ పిలిచి, కొత్తది సృష్టించి, దాని సిగ్నల్‌ని, రిక్వెస్ట్ పంపే ఫంక్షన్ అయిన ఫెచ్‌కి ఇవ్వండి. రద్దయిన ఫెచ్ అబార్ట్‌ఎర్రర్ అనే పేరుతో రిజెక్ట్ (విఫలం) అవుతుంది. ఎర్రర్లను పట్టుకునే క్యాచ్‌ బ్లాక్‌లో ఆ పేరు చూసి మౌనంగా వదిలేయాలి, లేకపోతే వేగంగా టైప్ చేసేవాళ్లకి మాటిమాటికీ ఎర్రర్ సందేశం కనబడుతుంది.

ఇక్కడ దాదాపు అందరూ పడే గుంట ఫైనల్లీ బ్లాక్, అంటే పని సఫలమైనా విఫలమైనా చివర్లో నడిచే భాగం. లోడింగ్ చక్రాన్ని అందులో ఆపితే, రద్దయిన రిక్వెస్ట్ తాలూకు ఫైనల్లీ కూడా నడిచి, కొత్త రిక్వెస్ట్ ఇంకా దారిలో ఉండగానే చక్రాన్ని మాయం చేస్తుంది. ఈ కాల్‌లో సృష్టించిన కంట్రోలర్, బయటి వేరియబుల్‌లో ఉన్న కంట్రోలర్ ఒకటే అయితేనే చక్రం ఆపండి. జాబితా గీసే ముందు కూడా ఇదే పరీక్ష పెట్టడం మంచిది.

సర్వర్ నుంచి 404, 500 లాంటి ఎర్రర్ కోడ్‌లు వచ్చినా ఫెచ్ రిజెక్ట్ కాదు. రెస్పాన్స్‌లోని ఓకే అనే విలువ, కోడ్ 200 నుంచి 299 వరకు ఉంటేనే ట్రూ అవుతుంది. అది చూడకుండా జవాబుని డేటాగా మార్చే జేసన్ పిలిస్తే, సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్ ఎర్రర్ పేజీ మీద సింటాక్స్‌ఎర్రర్ వస్తుంది, అసలు కారణం మరుగున పడుతుంది. ఫెచ్‌కి టైమౌట్ ఆప్షన్ కూడా లేదు. అబార్ట్‌సిగ్నల్.టైమౌట్‌కి 8000 (మిల్లీసెకన్లు) ఇచ్చి, అబార్ట్‌సిగ్నల్.ఎనీతో ఈ సిగ్నల్‌నీ, కంట్రోలర్ సిగ్నల్‌నీ కలపాలి.

తెలుగులో వెతికే ప్రశ్నల విషయంలో ఒక మాట. యూటీఎఫ్-8లో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు. యూఆర్‌ఎల్‌లోకి ఎన్‌కోడ్ చేస్తే అవి 9 క్యారెక్టర్లు. "గుంటూరు" ఒక్కటే 63 అవుతుంది. దీన్ని చేత్తో అతికించకుండా, ఎన్‌కోడింగ్ తానే చేసే యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారమ్స్‌కి అప్పగించండి.

పరీక్షించడానికి బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గిస్తే చాలదు, అప్పుడు అన్నీ కలిసి నెమ్మదిస్తాయి, వరస మారకపోవచ్చు. టెస్ట్ సర్వర్‌లో లెంగ్త్ 4 కంటే తక్కువున్న ప్రశ్నలకు 2 సెకన్ల ఆలస్యం పెట్టండి. "గుం" లెంగ్త్ 3. అక్కడ డీబౌన్స్ దాటేంత ఆగి, ఆ తర్వాత పేరు పూర్తి చేసి చూడండి.