రెజిమెంటల్ ఫండ్ ఎవరి సొమ్ము?

మా ఊరి మాజీ సైనికుల సంఘానికి సొంత భవనం కావాలని అందరికీ ఉంది. స్థలం ఉంది, ప్లాను కూడా గీయించారు, చందాలే చాలడం లేదు. దాంతో కమిటీవాళ్లు దగ్గర్లోని ఒక యూనిట్‌కి ఉత్తరం రాశారు. క్యాంటీన్ లాభాల్లోంచి కొంత విరాళం ఇప్పించండి, వాడని కుర్చీలు, టెంట్లు ఉంటే అవి కూడా ఇవ్వండి అని. వీలు పడదని మర్యాదగానే జవాబు వచ్చింది. ఇక చూడండి, మా వాట్సాప్ గ్రూపులో ఆ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌ని, అంటే సీఓ సాబ్‌ని, అనని మాట లేదు. "ఇన్నేళ్లు సర్వీసు చేశాం, ఆ డబ్బు మనది కాదా?" అని అందరూ అడుగుతున్నారు.

నేను ఆర్మీలో క్లర్కుగా చేరి హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. రెజిమెంటల్ ఫండ్ క్యాష్‌బుక్ ఏళ్ల తరబడి నా చేతి మీదుగా నడిచింది. ఆ సీఓ సాబ్ చేసిందే సరైన పని. గ్రూపులో చెప్తే గొడవలో కొట్టుకుపోయింది కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

యూనిట్‌లో డబ్బు రెండు రకాలు. ప్రభుత్వం ఒక పని కోసం ఇచ్చేది పబ్లిక్ ఫండ్. ఆ పనికి ఖర్చు కాకపోతే మిగిలింది ప్రభుత్వానికి తిరిగి కట్టేయాలి. అది కాక యూనిట్ దగ్గర ఉండేదంతా రెజిమెంటల్ ఫండ్. క్యాంటీన్ లాభాలు, జవాన్ల చందాలు ఇందులోకే వస్తాయి. ఇది సర్కారు ఖజానా సొమ్ము కాదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. యూనిట్ క్యాంటీన్లలో పనిచేసేవాళ్లు ప్రభుత్వ ఉద్యోగులేనని 2001లో ఒక తీర్పు వచ్చింది. 2009లో ఆర్.ఆర్. పిళ్లై కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని పక్కన పెట్టింది. ఆ క్యాంటీన్లు నడిచేది రెజిమెంటల్ ఫండ్‌తో, ప్రభుత్వ నిధితో కాదు కాబట్టి వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కారంది.

మావాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. ప్రభుత్వానిది కాకపోతే సీఓ ఇష్టం, ఆయన తలుచుకుంటే ఇవ్వొచ్చు అనుకుంటున్నారు. ఆర్మీ రెగ్యులేషన్స్ 820వ పేరా చూస్తే ఈ ఫండ్‌కి సీఓ ట్రస్టీ మాత్రమే. ఫండ్ ఏ ఉద్దేశంతో పెట్టారో దానికే, యూనిట్‌కీ అందులో ఉన్న మనుషులకీ పనికొచ్చేలా ఖర్చు పెట్టే బాధ్యత ఆయనది. మూడు నెలలకోసారి ఆఫీసర్ల ఆడిట్ బోర్డు కూర్చుని ప్రతి వోచరూ తిరగేస్తుంది. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరికీ నిద్ర ఉండేది కాదు, అంత టెన్షన్. చనిపోయిన మా యూనిట్ జవాను ఇంటికి సాయం పంపితే బోర్డు ఒక్క ప్రశ్న కూడా అడగదు, ఫండ్ ఉన్నదే అందుకు. బయటి సంఘం భవనానికి ఇచ్చామని రాస్తే ఏ అధికారంతో ఇచ్చారని అడుగుతుంది. దానికి సీఓ దగ్గర ఏం జవాబు ఉంటుంది?

సామాన్ల సంగతి ఇంకా కచ్చితం. నేనున్న ఒక యూనిట్‌లో రిక్రియేషన్ రూమ్‌కి ఒక బ్యాంకువాళ్లు టీవీ ఇచ్చారు. డబ్బా విప్పకముందే సుబేదార్ సాబ్ నన్ను పిలిచి ప్రాపర్టీ లెడ్జర్ తెప్పించారు. ఎవరిచ్చారు, ఏ తేదీన, మోడల్ ఏంటి, సీరియల్ నంబర్ ఎంత, అన్నీ ఎక్కించి, లెడ్జర్ పేజీ నంబర్ పెయింట్‌తో టీవీ వెనకాల రాయించారు. కొన్నేళ్లకి అది పాడైంది. పక్క ఊరి బడి మాస్టారు వచ్చి, "బాగు చేయించుకుంటాం, పిల్లలకి ఇవ్వండి సార్" అని బతిమాలారు. నాకూ ఇవ్వాలనే ఉంది. కానీ బోర్డు కూర్చుని పనికిరాదని తేల్చాలి, వేలం వేయాలి, వచ్చిన డబ్బు ఫండ్‌లో జమ చేయాలి, అప్పుడే లెడ్జర్‌లోంచి కొట్టేయాలి. మా సుబేదార్ సాబ్ వేలంలో తన జేబులోంచి పాడి, ఆ టీవీని బడికి పంపించారు. దానం చేయాలనుకున్న మనిషి చేయాల్సిన పద్ధతి అది. ఆయన మీద నాకు ఈరోజుకీ గౌరవం.

ఇది మరీ చాదస్తం అనిపిస్తే ఆర్మీ యాక్ట్ 52వ సెక్షన్ చదవండి. ప్రభుత్వ ఆస్తితో పాటు మిలిటరీ మెస్, బ్యాండ్, ఇన్‌స్టిట్యూషన్ ఆస్తినీ పేరు పెట్టి చెప్పింది. దొంగిలించినా, దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నా పదేళ్ల దాకా జైలు. మెస్‌లో ఒక వెండి కప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

తుపాను వచ్చినప్పుడు మన కోసం పడవలు, లారీలు తెస్తారు కదా అని ఒకరు అడిగారు. అది జిల్లా యంత్రాంగం కోరితే ప్రభుత్వ ఆదేశం మీద జరిగే పని, దానికీ యూనిట్ సంక్షేమ నిధికీ సంబంధం లేదు.

బయటినుంచి వచ్చే విరాళాలకీ ఇంతే కట్టుబాటు ఉండాలని నా అభిప్రాయం. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ హిమపాతంలో మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ జవాన్లు పదిమంది కూరుకుపోయారు. వాళ్లలో మన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. అప్పుడు దేశమంతా సాయం చేస్తామని ముందుకొస్తేనే యుద్ధంలో చనిపోయిన, గాయపడిన జవాన్ల కోసం ప్రత్యేక నిధి పెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో పాకిస్తానీ నటులతో సినిమా తీసినందుకు నిర్మాతలు ఆర్మీ నిధికి 5 కోట్లు కట్టాలని ముంబైలో ఒక పార్టీ పట్టుబట్టింది. విరాళమంటే ఇష్టపూర్వకంగా ఇచ్చేదేనని రక్షణమంత్రి మనోహర్ పారికర్ తేల్చి చెప్పారు. బలవంతంగా వసూలు చేసిన డబ్బుతో జవాను కుటుంబం తినాలని ఏ సైనికుడూ కోరుకోడు.

మనకి హక్కుగా ఉన్న దారి వేరే. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం చేస్తున్నారు. ఆ పేరుతో ఉన్న నిధికి ఎవరైనా ఇవ్వొచ్చు, ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. 65 దాటిన, పెన్షన్ లేని మాజీ సైనికులకూ, చనిపోయిన అలాంటి సైనికుల భార్యలకూ ఆ నిధి నుంచే పెన్యురీ గ్రాంట్, అంటే పేదరికంలో ఉన్నవాళ్లకి నెలనెలా ఇచ్చే సాయం, వస్తుంది. నెలకి 4,000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకి 8,000 చేశారు. కూతురి పెళ్లికి ఇచ్చే గ్రాంట్ 50,000 నుంచి లక్షకి పెరిగింది.

జవాను పదిహేనేళ్లు నిండకుండా బయటికొచ్చేస్తే సర్వీసు పెన్షన్ ఉండదు. అలాంటి పెద్దవాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లలో కూలికి వెళ్తున్నారు, వాళ్ల ఇళ్లలో ఈ గ్రాంట్ పేరు కూడా విని ఉండరు. గ్రూపులో ఉన్న తమ్ముళ్లకి నా మనవి ఒకటే. మీ ఊళ్లో అలాంటి వాళ్లుంటే డిశ్చార్జ్ బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని నా దగ్గరికి పంపించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నేనే వెంట వస్తాను.