నెలకు 105 రూపాయలు

దగ్గు మొదలైనప్పుడు డిసెంబరు చలి అనుకున్నా. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ నేను, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. మెడికల్ షాపు సిరప్ రెండు సీసాలు ఖాళీ చేశా. సంక్రాంతికి కదిరి పోతే మా అమ్మ నన్ను చూసి, "ఏం నాయనా, చొక్కా ఎవరిది?" అనింది. 61 కిలోల వాణ్ణి 50కి దిగాను.

తిరిగొచ్చాక సర్కారు ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేస్తే టీబీ. ఆరు నెలలు మాత్రలు. మందులు ఫ్రీ, నిజంగానే ఫ్రీ, అది చెప్పుకోవాలి. మొదటి రోజు ఒంటేలు నారింజ రంగులో పోయేసరికి రక్తమేమో అని నర్సమ్మ దగ్గరికి పరిగెత్తా. మాత్రల రంగేనని ఆమె నవ్వింది.

సూపర్‌వైజర్ "రెస్ట్ తీసుకోప్పా, తగ్గినాక చూద్దాం" అన్నాడు. నాలుగో రోజుకు నా కుర్చీలో ఇంకొకడు. నా జీతం 14,000, రూము బాడుగ 5,500. మా ఆవిడ మూడిళ్ళలో పని చేసేది. నా జబ్బు సంగతి తెలిసి ఒక ఇంట్లో మాన్పించారు. ఆమె కమ్మలు తాకట్టుకు పోయాయి. టీబీ వాళ్ళకు తిండికని ప్రభుత్వమిచ్చే నెలకు 1,000 గుడ్లకూ సెనక్కాయలకూ సరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఈఎస్‌ఐ, జబ్బు చేస్తే ఆదుకునే కార్మికుల బీమా. మూడేళ్ళుగా జీతం స్లిప్పులో దానికని నెలనెలా 105 కట్ అవుతోంది. లెక్క కరెక్టే, 0.75 శాతం. దానికి నన్ను పనిలో పెట్టిన సెక్యూరిటీ ఏజెన్సీ తన 3.25 శాతం కలిపి కట్టాలి. స్లిప్పులన్నీ కవర్లో పెట్టుకుని ఈఎస్‌ఐ ఆఫీసుకు పోయా. కౌంటర్లో ఆయన ఆధార్ నంబరు కొట్టి చూశాడు. నా పేరే లేదు. మంచి మనిషే, కూర్చోబెట్టి చెప్పాడు: కట్టి ఉంటే 91 రోజులు జీతంలో 70 శాతం, టీబీ కాబట్టి ఆ తర్వాత కూడా 80 శాతం వచ్చేదట. అది వినకపోయినా బాగుండేది. ఫిర్యాదు రాసిచ్చా. ఏజెన్సీ వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు.

జూలైలో కోర్సు అయిపోయింది. 57 కిలోలు. ఇప్పుడు వేరే ఏజెన్సీ, వేరే గేటు. మొదటి స్లిప్పులో మళ్ళీ అదే లైను, అదే 105. ఈఎస్‌ఐలో మన పేరు ఎక్కితే వచ్చేది ఐపీ నంబరు. "ఐపీ నంబరు ఇవ్వండి సార్" అంటే "వస్తుందిలే" అన్నాడు కొత్త సూపర్‌వైజర్. మూడుసార్లు అడిగా. రేపు డ్యూటీ దిగి నేరుగా ఏజెన్సీ ఆఫీసుకే పోతున్నా.