రీడ్ గీకే ముందు తిత్తి చూడండి

ఎండలు ముదిరాయంటే అనంతపురం, కర్నూలు వైపు భజన మందిరాల్లో హార్మోనియం పెట్టె గురించి ఒకటే మాట: "శ్రుతి నిలవడం లేదు." వెంటనే ఆకురాయి తీస్తారు. దయచేసి ఆగండి. రీడ్ అంటే గాలికి కంపించి స్వరం పలికే ఇత్తడి నాలుక. గీకిన ఇత్తడి మళ్లీ రాదు. చాలాసార్లు తప్పు రీడ్‌ది కాదు, దానికి అందే గాలిది.

గొట్టాల్లోకి గాలి పంపి స్వరం పలికించే పైపు ఆర్గాన్ చేసినవాళ్లకు ఇది మొదటినుంచీ తెలుసు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా క్టెసిబియస్ గాలి ఒత్తిడి నిలకడగా ఉండటానికి నీళ్లను వాడాడు. తరవాతి ఆర్గాన్లలో తిత్తుల మీద బరువులు పెట్టారు. పిల్లనగ్రోవి తరహా గొట్టంలో ఒత్తిడి పెరిగితే శ్రుతి ఎక్కుతుంది, తగ్గితే దిగుతుంది. అన్నీ ఒకే కొలతలో దిగితే పేచీ లేదు. చిన్న గొట్టం ఒకలా, పెద్దది ఒకలా కదులుతాయి, దాంతో స్వరాల మధ్య దూరమే చెడుతుంది. మీన్‌టోన్ అనే పాత ఐరోపా శ్రుతి పద్ధతిలో స–గ దూరం శుద్ధంగా 386 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు), స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే ఇప్పటి సమాన విభజనలో 400. అంత నున్నగా కలిపిన జంటలో గాలి కాస్త వణికినా చెవి పట్టేస్తుంది.

హార్మోనియం రీడ్ దీనికి పూర్తిగా ఎదురు. గాలి గట్టిగా తోస్తే, ముఖ్యంగా మంద్రంలో, శ్రుతి కొంచెం కిందికి జారుతుంది. పద్యం అందుకున్న ఊపులో తిత్తి బలంగా కొట్టే చేతికీ, ఇంట్లో మెల్లగా శ్రుతి చూసుకునే చేతికీ తేడా అక్కడే వస్తుంది. కచేరీలో ఎంత గాలి వాడతారో అంత గాలితోనే శ్రుతి చెయ్యాలి.

గాలిని కొలవడం తేలిక. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ ట్యూబును 'యు' ఆకారంలో చెక్కకు కట్టి, రంగు నీళ్లు సగానికి పొయ్యండి. ఒక మెట్టు (వేలితో నొక్కే కీ) విప్పి, కింది గాలి రంధ్రానికి ట్యూబు కొస ఆనించి చుట్టూ మైనం నొక్కండి. తిత్తి కొడితే రెండు వైపుల నీటి మట్టాల తేడాయే ఒత్తిడి, మిల్లీమీటర్లలో. ఇప్పుడు తిత్తి నింపి చెయ్యి తీసెయ్యండి. మట్టం మెల్లగా, సాఫీగా దిగితే సరే. గబుక్కున పడిపోతే ఎక్కడో లీకుంది, లేదా లోపలి తిత్తి స్ప్రింగు అలసిపోయింది. లీకు వెతకడానికి ఊదుబత్తి చాలు. తిత్తి మూలల్లో, మెట్ల కింద పొగ ఎక్కడ చెదురుతుందో చూడండి. మన పొడి ఎండకు చెక్క ముడుచుకుని, తోలు గట్టిపడి, మెట్టు కింది మూత సరిగ్గా కూర్చోదు. ఆ తోలు మార్చాకే రీడ్ సంగతి.

అప్పుడు కూడా శ్రుతి తప్పితేనే ఆకురాయి. రెండో వరుస రీడ్లున్న పెట్టె అయితే ఆ వరుసకు గాలి ఆపే స్టాపరు మూసెయ్యండి. నాలుక కింద పలుచటి రేకు దూర్చి, కొస దగ్గర గీకితే శ్రుతి ఎక్కుతుంది, రివెట్ దగ్గర గీకితే దిగుతుంది. రెండు మూడు గీతలు, అంతే. వెంటనే వినొద్దు, రాపిడి వేడి చల్లారనివ్వండి. స 240 హెర్ట్జ్ అనుకుంటే సమాన విభజనలో స–ప కలిపి పట్టినప్పుడు అయిదు సెకన్లకు నాలుగు 'ఊఁ' అలలు (శబ్దం పెరిగి తగ్గడం) రావాలి. అసలు అలే లేకపోతే పంచమం శుద్ధంగా కలిసినట్టు.

ఎండ సంగతి వేరు. 22 డిగ్రీల దగ్గర కలిపిన ఆర్గాన్ గొట్టం 42 డిగ్రీలకు దాదాపు 57 సెంట్లు ఎక్కుతుంది, అంటే అరస్వరంలో సగం దాటి. ఇత్తడి రీడ్ మాత్రం అంతగా కదలదు, కదిలినా కిందికే. వేణువులో ఊపిరి వెచ్చదనం కలుస్తుంది గనుక అంత ఎక్కదు, కానీ పోయేది పైకే. కాబట్టి మే నెలలో పెట్టెతో వేణువు కూర్చుంటే, వేణువును పది నిమిషాలు ఊదించి వేడెక్కాక సరిచూడండి. తేడా ఉంటే ఇంకో వేణువు తీసుకోమనండి. ఆ ఒక్క సాయంత్రం కోసం రీడ్లు గీకొద్దు.