మానిటర్ గంట మోగినప్పుడు

దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నల్లగొండ తీసుకువచ్చేసరికి నా బీపీ బాగా పెరిగి, కాళ్లూ ముఖమూ వాచి, కళ్లు మసకబారుతున్నాయి. పాప ఊపిరితిత్తులు గట్టిపడడానికని ఇంజక్షన్లు ఇచ్చి, రెండు రోజులు ఆగి ఆపరేషన్ చేశారు. 32 వారాలకే, 1,420 గ్రాముల బరువుతో పుట్టిన పాపను నాకు ఒక్క క్షణం చూపించి, నవజాత శిశువుల విభాగానికి తీసుకుపోయారు.

కుట్ల నొప్పి ఓర్చుకోగలిగినదే. చూడవచ్చిన బంధువొకామె నా మంచం పక్కన నిలబడి, "ఏడో నెల పిల్లలు బతుకుతరు గానీ ఎనిమిదో నెల పిల్లలు బతకరంటరు" అన్న మాటను మాత్రం ఓర్చుకోలేకపోయాను. నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. పత్తి చేనుకు పోయినందుకే ఇట్లా అయిందని నన్ను నేనే తిట్టుకున్నాను. పాపను చూడబోతే మానిటర్ గంట మోగేది, మోగిన ప్రతిసారీ నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఎవరిని అడిగినా "చూస్తున్నం గదమ్మా" అనేవారే తప్ప సంగతేమిటో చెప్పేవారు కాదు. పాలు పిండితే నాలుగు చుక్కలు కూడా రాలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద సిస్టర్ మా తల్లులం ఆరుగురినీ కూర్చోబెట్టుకొని అరగంట మాట్లాడారు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమేనని, ఎనిమిదో నెల గురించి జనం అనుకునేది నిజం కాదని చెప్పారు. బీపీ పెరిగితే మాయకు రక్తం సరిగా అందదని, దానికీ నా చేను పనికీ సంబంధం లేదని అన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నెలలు నిండని పిల్లల మెదడుకు ఊపిరిని నడిపించే పట్టు ఇంకా రాదు గనుక మధ్యమధ్య శ్వాస ఆగుతుందని, అరికాలు మెల్లగా రుద్దితే చాలాసార్లు మళ్లీ అందుకుంటారని, పాదానికి కట్టిన వైరు జారినా అదే గంట మోగుతుందని వివరించారు. "గంట వినంగనే తెరను గాదు, పాప పెదవుల రంగు చూడండమ్మా, చూసి మమ్మల్ని పిలవండి" అన్నారు.

ఆ సాయంత్రమే గంట మోగింది. పాప పెదవులు గులాబీ రంగులోనే ఉన్నాయి, పొట్ట ఎగిసి పడుతూనే ఉంది, వైరు చివరి ఎర్రటి వెలుగు దుప్పటి మీద పడి ఉంది. సిస్టర్‌ను పిలిచాను. నా చేతులు వణకలేదు. ఆ అరగంట మొదటి రోజే దొరికి ఉంటే నాకు ఆ నాలుగు రాత్రుల నరకం తప్పేదని ఇప్పటికీ బాధపడతాను. తల్లికి విడమరిచి చెప్పడాన్ని కూడా వైద్యంలో భాగంగానే చూడాలి.

భయం తగ్గాక, రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పిండుతుంటే పాలు పెరిగాయి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి కుదరడానికి దాదాపు 34 వారాలు నిండాలట, అందుకే మొదట గొట్టంతో, తరువాత ఉగ్గుగిన్నెతో పట్టాము. ఇంక్యుబేటర్లు చాలని రోజుల్లో, 1978లో, కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతిలో పాపను నా ఎదకు కట్టారు. ఆ వెచ్చదనానికి పాప పిడికిలి విప్పి నా చర్మం మీద వేళ్లు చాపింది.

కంటి పరీక్ష కూడా అయ్యాక, 1,850 గ్రాముల బరువుతో ఇంటికి తెచ్చుకున్నాము. పగలు నేను, రాత్రి కాసేపు అత్తమ్మ ఎదకు కట్టుకునేవాళ్లం. బరువు 2,500 గ్రాములు దాటిన వారంలో పాప కాళ్లతో తన్ని, ఆ గుడ్డలో ఇమడక బయటికి జరగసాగింది. అట్లా చేస్తే ఇక కట్టనవసరం లేదని సిస్టర్ ముందే చెప్పి ఉన్నారు. అత్తమ్మ ఆ గుడ్డ ఉతికి దండెం మీద ఆరేసింది.