మూడో మలుపు దగ్గర ఆగాం

ఉదయం అయిదింటికి బయలుదేరాం. ముందు బావ, వెనక నేను. బావది నాలుగేళ్ల కిందట కొన్న బండి. నాది 1998లో తయారైంది. చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చి అప్పటికి రెండు నెలలే. రెండు రోజుల్లో 600 కిలోమీటర్లు తిరిగి రావాలన్నది మా ఆలోచన. మధ్యలో 40 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంది. నిజానికి ఆ ఘాట్ కోసమే ఈ ప్రయాణమంతా.

బయలుదేరే ముందు చేయాల్సినవన్నీ చేశాననే అనుకున్నాను. ఇంజిన్ ఆయిల్ మార్చాను, చైన్ బిగించాను, బ్రేక్ షూలు కొత్తవి వేయించాను, క్లచ్ వైరు ఒకటి అదనంగా బ్యాగులో పెట్టుకున్నాను. టైర్లు కూడా చూశాను. గీతలు లోతుగానే ఉన్నాయి, గాలి సరిపడా ఉంది. పాత బండి కొన్నవాళ్లలో చాలామంది టైరును చూసేది ఇంతే. నేనూ అంతే చూసి ఊరుకున్నాను.

మొదటి వంద కిలోమీటర్లు వెడల్పాటి రోడ్డు. ఒకచోట కాంక్రీటు రోడ్డు వచ్చింది. నీళ్లు నిలవకుండా దాని మీద పొడుగునా సన్నటి గాళ్లు కోసి ఉన్నాయి. అక్కడికి రాగానే ముందు చక్రం, చాలులో పడ్డ నాగలిలా, గాడి వెంటే పోవడం మొదలుపెట్టింది. హ్యాండిల్ కొద్దిగా ఎడమకి, మళ్లీ కుడికి, ఎవరో వేలితో లాగుతున్నట్టు. పెద్ద ప్రమాదమేమీ కాదు కానీ భుజాలు బిగుసుకుపోయాయి. నా ముందు టైరుకి పొడుగునా నిలువు గీతలు మాత్రమే ఉన్నాయి. పాత బండ్లకి ముందు చక్రానికి ఎక్కువగా వేసిన రకం అది. తిన్నటి రోడ్డు మీద బాగుంటుంది. రోడ్డు గాళ్లూ టైరు గీతలూ ఒకే దిక్కున ఉంటే మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కాంక్రీటు అయిపోగానే ఆ గోల పోయింది. నేనూ మర్చిపోయాను.

అసలు సంగతి ఘాట్‌లో మొదలైంది.

మొదటి మలుపులో బండిని వంచబోతే వంగలేదు. ఇంకాస్త నెట్టాను. అప్పటిదాకా మొండికేసి, ఒక్కసారిగా లోపలికి పడిపోయింది. మెట్టు ఉందని తెలియక కాలు వేసినప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అచ్చం అలాగే అనిపించింది. సర్దుకుని బయటపడ్డాను. రెండో మలుపులోనూ అదే తీరు. వంగిన తర్వాత కూడా అదే వంపులో ఉండటం లేదు, హ్యాండిల్ మీద చెయ్యి నొక్కిపెట్టి ఉంచాల్సి వస్తోంది. కాస్త వదిలితే తనంతట తను లేచి నిలబడాలని చూస్తోంది. మూడో మలుపు మధ్యలో చిన్న గతుకు వచ్చింది. వెనక చక్రం దాని మీద నుంచి దిగగానే బండి మొత్తం తోక ఊపినట్టు రెండుసార్లు ఊగింది. అది ముందు నుంచి వచ్చే గజగజ కాదు. ముందు చక్రం వణికితే చేతుల్లో తెలుస్తుంది, వేగంగా టకటకలాడుతుంది. ఇది నిదానంగా సీటు కింద నుంచి వచ్చింది. మలుపు దాటగానే పక్కన ఖాళీ స్థలం చూసి ఆపేశాను. చేతులు చల్లబడిపోయాయి.

బావ వెనక్కి తిరిగి వచ్చాడు. "ఏమైందిరా?" అన్నాడు.

"ఈ బండి తీరే ఇంత అనుకుంటా బావా. పాతది కదా, ఫ్రేము వంగిందేమో" అన్నాను.

బావ ఏమీ మాట్లాడకుండా వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అరచెయ్యి తెరిచి టైరుకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి నెమ్మదిగా జరిపాడు. నా చెయ్యి కూడా పట్టుకుని అలాగే జరిపించాడు. నడిమధ్యన మూడు వేళ్ల వెడల్పున టైరు పీటలాగా చదునుగా ఉంది. ఆ చదును అయిపోయినచోట రెండు పక్కలా గట్టులాంటి అంచు వేలికి తగిలింది. టైరు గుండ్రంగా ఉందని కళ్లతో చూసి అనుకున్నాను. చెయ్యి పెట్టాక గానీ అసలు ఆకారం తెలియలేదు.

"ఇన్నేళ్లూ తిన్నటి రోడ్ల మీదే తిరిగింది. మధ్యలో అరిగింది, పక్కలు అలాగే ఉన్నాయి" అన్నాడు బావ.

గుండ్రటి టైరు అయితే బండి వంగుతున్నకొద్దీ రోడ్డుకి తగిలే చోటు కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది, వంపు ఒకే ధారగా వస్తుంది. మధ్యలో చదునైపోయిన టైరు ఆ చదును మీదే కూర్చుని ఉంటుంది. అందుకే మొదట మొండితనం. అంచు దాటగానే తగిలే చోటు ఒక్కసారిగా పక్కకి పోతుంది. అందుకే ఆ పడిపోవడం. నేను రెండు నెలలుగా బండి గుణం అనుకున్నది టైరు ఆకారం.

అంతటితో అయిపోలేదు. టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి అచ్చులో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000 నుంచి తయారైన టైర్లకి ఈ నాలుగంకెల లెక్క. నా వెనక టైరు మీద 3111 అని ఉంది. అంటే 2011లో 31వ వారం. మేం వెళ్లింది 2024లో, కాబట్టి ఆ టైరుకి పదమూడేళ్లు. గోడను వేలితో ఒత్తి వంచితే రేగడి నేల బీటలు వారినట్టు సన్నటి పగుళ్లు కనిపించాయి. బొటనవేలి గోరు గుచ్చి చూశాను, ప్లాస్టిక్ మీద గుచ్చినట్టే ఉంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేసి రబ్బరుని గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ గట్టిపడటం ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఆగిపోదు. ఎండ, గాలి తగులుతున్నకొద్దీ రబ్బరు ఏళ్ల తరబడి ఇంకా బిరుసెక్కుతూనే ఉంటుంది. గీతల లోతు చూసి టైరు బాగుందని అనుకున్నానే, ఆ లోతు ఈ సంగతి చెప్పదు.

ఇంకొకటి కూడా అక్కడే చూశాం. వెనక టైరు సైజు 100/90-18, అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, చక్రం 18 అంగుళాలది. రిమ్ మీద అచ్చు 1.85×18, అంటే రిమ్ వెడల్పు 1.85 అంగుళాలే. పాత ఓనరు ఎవరో బండి బలంగా కనబడాలని లావు టైరు వేయించినట్టున్నారు. అంత వెడల్పే ఉన్న రిమ్‌కి 90/90 సరిపోతుంది. 100/90 కి మామూలుగా 2.15 అంగుళాలో, అంతకంటే వెడల్పో కావాలి. ఇరుకు రిమ్‌లో లావు టైరు కూర్చోబెడితే రెండు గోడలూ దగ్గరికి నొక్కుకుపోయి, నెత్తి ఉబ్బుతుంది. గతుకు తగిలినప్పుడు పక్కలకి ఊగడం కూడా ఎక్కువవుతుంది. లావు టైరు వేస్తే గ్రిప్పు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. రిమ్ చూడకుండా వేస్తే బండి మరీ చెడుతుందని నాకు ఆ మూడో మలుపు చూపించింది.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ముందుకు పోదామా వద్దా అని ఆలోచించే పని లేకుండా పోయింది. దిగేటప్పుడు తడి రోడ్డు మీద వెనక బ్రేకు మెత్తగానే వేశాను, చక్రం జానెడు పక్కకి జారింది. ఇంకోసారి వెనక బ్రేకు ముట్టుకోలేదు. గేరు తగ్గించుకుంటూ, ముందు బ్రేకు తేలిగ్గా వాడుకుంటూ, ముప్ఫైలోనే దిగాం. తిరుగు దారంతా యాభై దాటలేదు. బావ నా వేగంలోనే వెనక వచ్చాడు, ఒక్క మాటా అనలేదు. రెండు రోజుల ప్రయాణం ఒక్క రోజుతో ముగిసింది. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ ముందుకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఆ బాధ చిన్నదనిపిస్తుంది.

తర్వాత టైర్ల సంగతి చూశాను. వెనక్కి 90/90-18, ముందుకి కంపెనీ చెప్పిన 2.75-18 సైజే (ఇందులో వెడల్పు అంగుళాల్లో చెబుతారు), కానీ నిలువు గీతలది కాకుండా పక్కలకి ఏటవాలు గీతలున్నది. రెండూ ఒకే రకం, ఒకేసారి. వెనక టైరు పక్క గోడ మీద సైజు తర్వాత వచ్చే అంకె మోయగల బరువుది: 51 అంటే 195 కిలోలు. దాని పక్కన ఉన్న పీ అక్షరం వేగానిది, గంటకి 150 కిలోమీటర్ల దాకా. నా బండికీ నేను పోయే వేగానికీ అది కావలసినంత. స్పోక్స్ చక్రాలు కాబట్టి ట్యూబులు, లోపలి రిమ్ పట్టీ కూడా కొత్తవే వేయించాను. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది, కొత్త టైరులో మడత పడితే అక్కడే కోసుకుపోతుంది. తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తు సరిగ్గా పెట్టారో లేదో పక్కన నిలబడి చూశాను.

ముందు చక్రం విప్పినప్పుడు ఇంకో లోపం బయటపడింది. చక్రం నేలకి తగలకుండా లేపి హ్యాండిల్‌ని రెండు వేళ్లతో ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పితే, సరిగ్గా మధ్యలో చిన్నగా 'టక్'మని ఆగుతోంది. హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులో, అంటే కోన్‌సెట్‌లో, గోళీలు ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చుని గుంటలు చేశాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు బండి గీత గీసినట్టు పోకుండా ఇటూ అటూ తూలడం దీనివల్లే. అదీ మార్పించాను. వెనక చక్రం తిన్నగా ఉందో లేదో దారం పట్టి చూశాం. చైన్ దగ్గర గుర్తులు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి కానీ దారం మాత్రం ముందు చక్రానికి ఒక పక్క ఎక్కువ ఎడం చూపించింది. గుర్తులను పక్కనపెట్టి దారాన్నే నమ్మాను.

మూడు వారాల తర్వాత మళ్లీ అదే దారి. కొత్త టైరు మీద మొదట నునుపు ఉంటుంది కాబట్టి ఘాట్ చేరేలోపు 150 కిలోమీటర్లు తొందరపడకుండా నడిపాను. కాంక్రీటు గాళ్లు వచ్చాయి, హ్యాండిల్ కొంచెం కదిలింది కానీ లాగలేదు. ఒకచోట డెబ్బై నుంచి వేగం తగ్గిస్తుంటే చేతుల్లో సన్నటి వణుకు వచ్చింది. ఆపి చూస్తే బ్యాగు క్యారియర్ చివర వేలాడుతోంది. బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం తేలిపోతోంది. బ్యాగుని సీటు మీదికి లాగి కట్టాను, వణుకు పోయింది.

ఘాట్ మొదటి మలుపులో బండి నెమ్మదిగా, ఒకే ధారలో వంగింది. చెయ్యి నొక్కకుండానే ఆ వంపులో నిలబడింది. బావ బండిలా చురుగ్గా తిరగదు. పొడుగు బండి, 18 అంగుళాల చక్రాలు, అది దాని సొంత గుణమే. నాకది నచ్చింది కూడా. మూడో మలుపులో ఆ గతుకు అక్కడే ఉంది. వెనక చక్రం ఒకసారి లేచి దిగింది, అంతే.

పైన ఆగినప్పుడు బావ మళ్లీ నా వెనక టైరు దగ్గర కూర్చున్నాడు. కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు ముళ్లు మధ్యలో అరిగిపోయాయి. కుడి అంచున ఒక వేలు వెడల్పున మిగిలాయి, ఎడమ అంచున రెండు వేళ్లు.

"ఎడమ మలుపులంటే ఇంకా భయం పోలేదురా నీకు" అన్నాడు.

నిజమే. ఆ మూడో మలుపు ఎడమ వైపుదే.